పాత లాడ్జి మేడ మీద అడుగుల చప్పుడు: పరిశోధన ఎలా చేయాలి?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైంది ముందు ఇక్కడ పెడతాను, తప్పుంటే సరిదిద్దండి. కోస్తాలో ఒక పట్టణం, మెయిన్‌రోడ్డు మీద మీ తాతగారు 1938లో కట్టించిన మేడ. కింద నాలుగు షాపులు. పైన ఒకప్పుడు లాడ్జి, ఇప్పుడు రెండు గదులు బట్టల షాపు వాళ్ళ గోడౌన్, మిగతావి ఖాళీ. రాత్రి ఒంటిగంట దాటాక పైన ఎవరో నడిచినట్టు చప్పుడు, అప్పుడప్పుడు గజ్జెల్లాంటి శబ్దం. మెట్ల మలుపు దగ్గర ఉన్నట్టుండి చలి. ఫోన్‌లో తీసిన ఫోటోల్లో తెల్లటి గుండ్రాలు. వాచ్‌మన్‌కి గుండెల మీద ఎవరో కూర్చున్నట్టయి ఊపిరాడలేదు, ఆ మర్నాడంతా తలనొప్పి. ఒక పారానార్మల్ టీమ్ వచ్చి లైట్లు వెలిగే మీటర్ తిప్పి ‘ఇద్దరున్నారు’ అని చెప్పి, శుద్ధి చేయడానికి డబ్బు అడిగారు. గోడౌన్ వాళ్ళు ఖాళీ చేస్తామంటున్నారు. పరిశోధన చేయించాలా వద్దా, చేయిస్తే ఎలా అన్నది మీ ప్రశ్న.

చేయించండి. కానీ ఆ టీమ్‌తో కాదు, రాత్రి పూట మొదలుపెట్టీ కాదు.

నేను సివిల్ ఇంజనీర్ని. 24 ఏళ్ళుగా సున్నం కట్టడాల మరమ్మతులే నా పని. సికింద్రాబాద్ జేమ్స్ స్ట్రీట్, జనరల్ బజార్ చుట్టుపక్కల, హైదరాబాద్‌లో పత్తర్‌గట్టీ వైపు, ఆ తర్వాత కోస్తా జిల్లాల్లో ఎన్నో పాత షాపుల మేడలు చూశాను. పని ఒప్పుకున్నాక రెండో రోజో మూడో రోజో ఎవరో ఒకరు పక్కకి పిలిచి ‘సార్, పైన ఏదో ఉంది’ అని చెప్పని బిల్డింగులు తక్కువ. వాటిలో పదిహేడింటిలో నేనే రాత్రుళ్ళు కూర్చున్నాను. దయ్యాలు ఉన్నాయా లేవా అన్న వాదన ఇక్కడ పెట్టను. నా అనుభవం చెప్పేది ఒకటే: మనుషులు ఫలానా చోట భయపడుతున్నారంటే, చాలాసార్లు ఆ చోట బిల్డింగ్‌లోనే ఏదో ఉంటుంది. ఆ భయాన్ని కొట్టిపారేసినా, దానికి పూజ చేసి వదిలేసినా, ఆ ‘ఏదో’ అక్కడే ఉండిపోతుంది.

ఇది నాకు నేర్పింది సికింద్రాబాద్‌లో ఒక మూడంతస్తుల మేడ. కింద గిన్నెల షాపు, పైన టైలర్లు, ఆ పైన ఖాళీ. మెట్ల మీద ఎవరో చెయ్యి పట్టుకుంటున్నారని వాచ్‌మన్ రెండు వానాకాలాలుగా చెబుతున్నాడు. పట్టుకున్న చెయ్యి వదలదట. టైలర్లు నవ్వేవాళ్ళు, ఎందుకంటే వాళ్ళు రోజుకి పదిసార్లు అవే మెట్లు ఎక్కుతారు, వాళ్ళకి ఏమీ కాలేదు. ఓనర్ ఒక మంత్రగాణ్ణి పిలిపించాడు. ఆయన ఇనప రైలింగుకి పసుపుతాడు, నిమ్మకాయలు కట్టి వెళ్ళాడు. నేను పైకప్పు లీకేజీ చూడ్డానికి వెళ్ళినప్పుడు ఆ నిమ్మకాయలు ఎండి నల్లబడి ఇంకా వేలాడుతున్నాయి.

ఎక్కడ పట్టుకుంటుందో చూపించమని వాచ్‌మన్‌ని అడిగాను. మొదటి మలుపు నుంచి ఆరో మెట్టు. అక్కడ గోడలో, గిలాబా (ప్లాస్టరింగు) కింద, షాపు సైన్‌బోర్డుకి వెళ్ళే వైరు ఉంది. వైరు పోయించిన ఇనప పైపు తుప్పుపట్టి చిల్లులు పడింది. రైలింగు కాలు సరిగ్గా ఆ పైపుకి ఆని గోడలో దిగింది. వానకి గోడ నానితే రైలింగుకి కరెంటు వస్తోంది. సైన్‌బోర్డు వేసిన టైములో టెస్టర్ పెడితే వెలిగింది. మల్టీమీటరు ఒక కొస రైలింగుకి, ఒక కొస తడి షాబాద్ బండకి పెడితే 70 వోల్టులు దాటింది. టైలర్లకి ఎందుకు తెలియలేదు? వాళ్ళు చెప్పులు వేసుకుని ఎక్కేవాళ్ళు. మంత్రగాడూ చెప్పులతోనే ఎక్కాడు. వాచ్‌మన్ మటుకు షాపులు కట్టేశాక మెట్లు కడిగి, వట్టికాళ్ళతో, తడి బండల మీద నిలబడి రైలింగు పట్టుకునేవాడు. ఒంట్లోంచి ఒక మిల్లీయాంపు పోతే జిల్లుమంటుంది. పది దాటితే కండరాలు బిగుసుకుపోయి, పట్టుకున్నది వదలాలన్నా వదల్లేం. అంటే ఆ మనిషి జరిగింది జరిగినట్టే, మాటకి మాట చెప్పాడు. రెండేళ్ళ పాటు ఎవరూ వినలేదు, అంతే. ఇంకొంచెం గట్టి వాన పడి ఉంటే ప్రాణం పోయేది.

అందుకే మీ బిల్డింగ్‌లో మొదటి పని పగటిపూట ఒక మంచి ఎలక్ట్రీషియన్‌తో. మెట్ల రైలింగు, ఇనప కిటికీ ఊచలు, షట్టర్లు, నీళ్ళ పైపులు అన్నీ టెస్టర్‌తో చూడమనండి. ఎర్తింగ్ ఉందో లేదో కొలవమనండి. 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) లేకపోతే ఈ వారమే పెట్టించండి. పరిశోధన సంగతి అలా ఉంచి, అది ఎలాగూ అవసరం.

రెండోది, మేడ మీదికి మొదటిసారి రాత్రి ఎక్కొద్దు. ఖాళీ గదుల్లో చెక్క నేల ఉంటే చెదలు తిన్న దూలం పైకి బాగానే కనిపిస్తుంది. పగలు స్క్రూడ్రైవర్‌తో దూలం చివర, గోడలోకి దిగే చోట గుచ్చి చూడండి. మెత్తగా దిగితే ఆ గదిలోకి ఎవర్నీ పంపొద్దు. టార్చిలైట్లు పట్టుకుని ఎక్కే కుర్రాళ్ళకి ఈ సంగతి తెలియదు. నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టేది వాళ్ళే.

ఇక అడుగుల చప్పుడు. మీ మేడ 1938 నాటిది, కోస్తా, షాపుల మేడ అంటే పైకప్పు మద్రాస్ టెర్రస్ అయ్యే అవకాశం ఎక్కువ. టేకు దూలాలు, వాటి మీద సున్నంలో ఏటవాలుగా నిలబెట్టి పేర్చిన ఇటుకలు, ఆ పైన ఇటుకముక్కల సున్నం కాంక్రీటు, దాని మీద పలకలు. రోడ్డు వైపు వెడల్పు ఎక్కువైతే ఇనప గడ్డర్లు కూడా ఉంటాయి. ఇంత మందం కప్పు పగలంతా పీల్చిన వేడిని రాత్రి బాగా పొద్దుపోయాక గానీ వదలదు. ఆరు మీటర్ల ఇనప గడ్డరు 15 డిగ్రీలు చల్లబడితే దాదాపు ఒక మిల్లీమీటరు కుదించుకుపోతుంది. ఆ మిల్లీమీటరు మెల్లగా జారదు. గోడలో బిగిసి, బిగిసి, ఒక్కసారి ‘టక్’మని వదులుతుంది. ఒక దూలం తర్వాత ఇంకొకటి వదులుతూ పోతే, కింద పడుకున్న మనిషికి పైన ఎవరో గది ఈ చివర నుంచి ఆ చివరికి నడిచినట్టే ఉంటుంది. నేను విన్నాను. కారణం తెలిసి కూడా లేచి కూర్చున్నాను.

ఇది మీ బిల్డింగ్‌లో నిజమో కాదో తేల్చడానికి ఖరీదైన సామాను అక్కర్లేదు. సాయంత్రం ఖాళీ గదుల నేలంతా పల్చగా ముగ్గుపిండి జల్లండి. గది మధ్యలో ఒక ఫోన్ రికార్డింగులో పెట్టి, తలుపు తాళం వేసి, తాళం మీద కాగితం అతికించి సంతకం పెట్టండి. ఉదయం రికార్డింగులో అడుగులు వినిపించి, పిండి మీద గీత కూడా లేకపోతే చప్పుడు నేల మీది నుంచి రాలేదు, కప్పులోంచో గోడలోంచో వచ్చింది. బాగా ఎండ కాసిన రోజు రాత్రి, మబ్బు పట్టిన రోజు రాత్రి రెండూ రికార్డు చేసి పోల్చండి. వేడి వల్ల వచ్చే చప్పుడైతే మబ్బు రోజున బాగా తగ్గిపోతుంది.

పిండి మీద గుర్తులు పడ్డాయనుకోండి, అప్పుడూ జవాబు దొరికినట్టే. కోస్తా పట్టణాల పాత కప్పుల్లో మానుపిల్లి కాపురం చాలా మామూలు. పగలు కనపడదు, రాత్రి బరువుగా నడుస్తుంది, వాసన కూడా ఒక రకంగా ఉంటుంది. తెల్ల గుడ్లగూబ గూడు పెడితే ఇంకా ఇబ్బంది. దాని పిల్లలు రాత్రంతా బుస కొట్టినట్టు శబ్దం చేస్తాయి. ఉబ్బసం ఉన్న మనిషి చీకట్లో ఊపిరి లాగుతున్నట్టు ఉంటుంది. గూడు కింద ఎలుకల ఎముకలు, బొచ్చు కలిసిన నల్లటి ఉండలు పడి ఉంటాయి, వాటి కోసం చూడండి. గుడ్లగూబని చంపొద్దు, తరమొద్దు. పిల్లలు ఎగిరిపోయాక ఆ కంత మూయిస్తే సరిపోతుంది.

గజ్జెల శబ్దానికి నేను ముందు చూసేది వెంటిలేటర్ల గాజు పలకలు. పుట్టీ రాలిపోయిన గాజు, గాలికో, రోడ్డు మీద లారీ పోతేనో, చట్రంలో సన్నగా గలగలమంటుంది. ఒక్కో గాజునీ వేలితో తట్టి చూడండి. తర్వాత షట్టరు గొలుసులు, పాత లాడ్జిలో మిగిలిపోయిన కర్టెన్ రింగులు. మీ బట్టల షాపు గోడౌన్‌లో ఇనప హ్యాంగర్లు వరసగా వేలాడుతున్నాయా? అయితే ముందు వాటినే దింపించి ఒక వారం చూడండి.

మెట్ల మలుపు దగ్గర చలికి ఒక అగరొత్తి చాలు. పైన వెంటిలేటరు, కింద తలుపు సందు ఉంటే మెట్ల గది పొగగొట్టంలా పని చేస్తుంది. అగరొత్తి వెలిగించి ఒక్కో మెట్టు ఎక్కుతూ పొగ ఎటు వంగుతుందో చూడండి. ఎక్కడ వంగితే అక్కడ గాలి దారి ఉంది. గోడ చెమ్మగా ఉంటే తడి ఆరుతూ చల్లదనం ఇంకా పెరుగుతుంది. ఒక మాట గుర్తుంచుకోండి: ఆ టీమ్ తుపాకీలా పట్టుకునే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు గాలి చలిని కొలవదు, ఎదురుగా ఉన్న గోడ ఉపరితలం వేడిని కొలుస్తుంది. చెమ్మ గోడ వైపు తిప్పితే అంకె పడిపోతుంది. అది చూపించి ‘ఇక్కడ చల్లటి ఆకారం ఉంది’ అంటే నమ్మకండి.

ఫోటోల్లో గుండ్రాలు దుమ్ము. ఫోన్‌లో ఫ్లాష్ లెన్స్ పక్కనే ఉంటుంది కాబట్టి లెన్స్‌కి దగ్గరగా తేలే సున్నం రేణువు మీద వెలుగు పడి మసగ్గా గుండ్రంగా కనిపిస్తుంది. అదే చోట ఫ్లాష్ ఆపి తీయండి, తర్వాత ఒక గోనెసంచి దులిపి ఫ్లాష్‌తో తీయండి. రెండూ పక్కపక్కన పెట్టి మీ గోడౌన్ వాళ్ళకి చూపించండి, వాళ్ళ భయం సగం అక్కడే తగ్గుతుంది.

మీటరు సంగతికి వద్దాం, ఎందుకంటే డబ్బు అడుగుతున్నది దాని మీదే. వరసగా ఐదు లైట్లు వెలిగే కే2 మీటరు కొలిచేది అయస్కాంత క్షేత్రాన్ని. కరెంటు పారే ఏ వైరు దగ్గరైనా అది ఉంటుంది. 20 మిల్లీగాస్‌లు దాటితే చివరి ఎర్ర లైటు వెలుగుతుంది. కొత్త ఇళ్ళలో ఫేజు, న్యూట్రల్ వైర్లు పక్కపక్కనే పోతాయి కాబట్టి ఒకదాని క్షేత్రాన్ని ఇంకొకటి చాలావరకు రద్దు చేస్తుంది. పాత మేడల్లో ఏళ్ళ తరబడి అతికిస్తూ వచ్చిన వైరింగులో ఫేజు ఒక గోడ మీద, న్యూట్రల్ ఇంకో గోడ మీద పోతుంటాయి. ఆ రెండింటి మధ్య ఉన్న గదంతా మీటరుకి పండగే. జేబులో ఫోన్ సిగ్నల్ వెతికినా లైట్లు వెలుగుతాయి. వాళ్ళు మళ్ళీ వస్తే రెండే అడగండి: అందరి ఫోన్లూ కింద పెట్టి ఎక్కమనండి, మెయిన్ స్విచ్ ఆపేశాక అదే చోట మీటరు పెట్టమనండి. అప్పటికీ వెలిగితే పక్క బిల్డింగ్ లైను, రోడ్డు మీది ట్రాన్స్‌ఫార్మర్ ఎంత దూరంలో ఉన్నాయో చూడాలి. మెయిన్ ఆపడానికి ఒప్పుకోకపోతే మీరూ వాళ్ళకి తాళాలు ఇవ్వకండి.

ఇలాంటి చోట్ల శాస్త్రవేత్తలు నిజంగా పని చేశారు. వాళ్ళ పని తెలిస్తే మీకు పద్ధతి దొరుకుతుంది. విక్ టాండీ అనే ఇంజనీరు ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో ఒక ల్యాబ్‌లో పని చేస్తుండగా చలి, వణుకు, కంటి కొసన బూడిదరంగు ఆకారం కనిపించాయి. మర్నాడు తన కత్తిసాము బ్లేడుని బెంచి వైసులో బిగిస్తే అది దానంతట అదే ఊగడం మొదలుపెట్టింది. వెతికితే కొత్తగా పెట్టిన ఎగ్జాస్ట్ ఫ్యాను నుంచి చెవికి వినపడనంత లోతైన, సెకనుకి దాదాపు 19 కంపనాల శబ్దం వస్తోంది, అది గదిలో నిలబడిపోతోంది. ఫ్యాను సరిచేస్తే ఆ భయమూ పోయింది. 1998లో ఆయన దీని మీద వ్యాసం రాశాక ప్రతి దయ్యానికీ ఇన్‌ఫ్రాసౌండే (ఇలాంటి వినపడని లోతైన శబ్దమే) కారణం అనేవాళ్ళు బయల్దేరారు. కానీ 2009లో లండన్ గోల్డ్‌స్మిత్స్ కాలేజీ వాళ్ళు ఒక గదిని ప్రత్యేకంగా కట్టి, లోపల ఇన్‌ఫ్రాసౌండూ అయస్కాంత క్షేత్రాలూ పెట్టి చూశారు. చాలామందికి వింత అనుభవాలు కలిగాయి. కానీ వాటికీ, లోపల ఏది ఆన్ అయి ఉందన్నదానికీ సంబంధం కనపడలేదు. ‘ఈ గదిలో మీకేదైనా అనిపించవచ్చు’ అని ముందే చెప్పడమే ఎక్కువ పని చేసినట్టుంది. అందుకే ఇన్‌ఫ్రాసౌండ్‌ని నేను చివర్లో చూస్తాను. ఏసీ అవుట్‌డోర్ యూనిట్లు, ఎగ్జాస్ట్ ఫ్యాన్లు ఆపేసి తేడా ఉందేమో అడుగుతాను, అంతకు మించి పోను.

మీ మేడకి అన్నిటికంటే దగ్గరి కేసు స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోది. అక్కడ 1788లో తెరిచిన సౌత్ బ్రిడ్జికి 19 ఆర్చీలు. వాటి కింద గదుల్లో ఒకప్పుడు చెప్పులు కుట్టేవాళ్ళ దుకాణాలు, సారా అంగళ్ళ గోడౌన్లు ఉండేవి. పై నుంచి నీళ్ళు కారడంతో వ్యాపారులు వదిలేసి పోయారు. ఇప్పుడు అవి దయ్యాల గదులుగా పేరుమోశాయి. రిచర్డ్ వైజ్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం మామూలు మనుషుల్ని ఆ గదుల్లో నిలబెట్టి ఏమనిపించిందో రాయించింది, ఫలితాలు 2003లో వచ్చాయి. పేరు పడ్డ గదుల్లోనే ఎక్కువమందికి ఏదో అనిపించింది, ముందు కథలు తెలియనివాళ్ళకి కూడా. ఆ తేడా గది పరిమాణం, వెలుతురు లాంటి వాటితో కలిసి నడిచింది. అంటే జనం కల్పించుకున్నదీ కాదు, ఆత్మ ఉందని తేలిందీ కాదు. ఆ గదులు మనిషిని నిజంగానే కలవరపెడుతున్నాయి.

మీరూ చిన్న ఎత్తున ఇదే చేయొచ్చు, చేయాలి. మేడ ప్లాన్ ఒక కాగితం మీద గీసి జిరాక్సులు తీయించండి. ఈ గొడవ తెలియని నలుగురైదుగురిని, వేరే ఊరి బంధువులైతే మేలు, ఒక్కొక్కరిగా పైకి తీసుకెళ్ళి ప్రతి గదిలో ఐదు నిమిషాలు ఉంచండి. వాళ్ళతో మీరు మాట్లాడకండి. ఎక్కడ బాగోలేదనిపిస్తే అక్కడ గుర్తు పెట్టమనండి. కాగితం కవర్లో పెట్టి అంటించాకే ఇంకొకరు ఎక్కాలి. అన్ని గుర్తులూ ఒకే చోట పడితే ఆ చోటుని నేను వచ్చి అంగుళం అంగుళం చూస్తాను. మీరు ఫోన్‌లోనే గజ్జెలు, చలి, వాచ్‌మన్ సంగతి అంతా ఆ టీమ్‌కి చెప్పేశానని రాశారు. చెప్పాక వాళ్ళు సరిగ్గా మెట్ల మలుపు దగ్గరే ‘ఒక ఆడమనిషి’ని కనుక్కోవడంలో ఆశ్చర్యం ఏముంది?

వాళ్ళు వినిపించిన ‘వెళ్ళిపో’ అనే గొంతు రికార్డింగూ అంతే. ఆ క్లిప్‌ని ఏమీ చెప్పకుండా ముగ్గురికి విడివిడిగా వినిపించి, ఏం వినపడిందో రాయమనండి. ముగ్గురూ మూడు రకాలుగా రాస్తే అది గొంతు కాదు, గరగరలో మన చెవి వెతుక్కున్న మాట. ఊయిజా బోర్డు (అక్షరాల పలక మీద వేళ్ళు పెట్టి ఆత్మలతో మాట్లాడతామనేది) లాంటివి అసలు పెట్టనివ్వకండి. ఆత్మలు బల్లని కదుపుతున్నాయని జనం నమ్ముతున్న రోజుల్లో, 1853లోనే శాస్త్రవేత్త మైకేల్ ఫారడే, బల్ల మీద చేతులు పెట్టినవాళ్ళే తమకి తెలియకుండా బల్లని నెడుతున్నారని ఒక చిన్న పరికరంతో చూపించారు.

ఇంకో తొందరపాటు చేయకండి. గోడౌన్ వాళ్ళు వెళ్ళిపోతారని భయపడి సున్నాలు వేయించడం, గదులు పగలగొట్టడం ఇప్పుడే వద్దు. మన పక్కనే జరిగిన ఒక సంగతి చెబుతాను. లండన్‌లో 1882లో, ఇలాంటి అతీంద్రియ సంగతుల్ని పరిశోధించడానికి ఏర్పడ్డ సొసైటీ ఫర్ సైకికల్ రీసెర్చ్ తరఫున రిచర్డ్ హాడ్జ్‌సన్ 1884 డిసెంబరులో మద్రాసు అడయార్ వచ్చారు. దివ్యజ్ఞాన సమాజం ప్రధాన కార్యాలయంలో, ఆ సమాజాన్ని స్థాపించినవాళ్ళలో ఒకరైన బ్లావట్‌స్కీ గది గోడకి ఆనించి ఒక చెక్క బీరువా ఉండేది. ఆవిడ గురువులుగా చెప్పుకున్న మహాత్ముల ఉత్తరాలు అందులో ప్రత్యక్షమవుతాయని ప్రతీతి. వెనక గోడలో రహస్యపు తలుపు ఉందని ఆరోపణ. హాడ్జ్‌సన్ వచ్చేసరికి ఆ బీరువా లేదు, అప్పటికే తీసి కాల్చేశారు. సాక్షుల మాటలు, గోడ ఆనవాళ్ళ మీద ఆధారపడి ఆయన 1885 నివేదికలో మోసమని తేల్చారు. నూరేళ్ళ తర్వాత, 1986లో, అదే సొసైటీ పత్రికలో వెర్నన్ హారిసన్ ఆ నివేదికని తప్పుపట్టారు. బీరువా ఉండి ఉంటే ఆ తలుపు సంగతి మీదైనా ఇంత వాదన ఉండేది కాదు. కాబట్టి ఏది కదిలించే ముందైనా నాలుగు వైపుల నుంచి ఫోటోలు, కొలతలు తీసి తేదీ వేసి పెట్టుకోండి.

లాడ్జిలో ఎవరో ఒకావిడ ఉరి వేసుకుందనే కథ ఉందన్నారు. నిజమో కాదో వెతకండి, కానీ ఈ పని చేసే మనిషి రాత్రి పరిశీలనలో కూర్చోకూడదు. ఆస్తి చేతులు మారిన సంగతులు ఈసీలో (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) దొరుకుతాయి. 1983కి ముందువి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో పాత పుస్తకాలు తిప్పించాలి. మున్సిపాలిటీలో మరణాల రిజిస్టరు అడగండి. పాత పత్రికల కోసం వేటపాలెం సారస్వత నికేతనం ఉంది. 1918లో పెట్టిన గ్రంథాలయం, పాత తెలుగు పత్రికలకి పెట్టింది పేరు. ఒక మేడలో ఉరి జరిగిందని ఇరవై ఏళ్ళు నమ్మాక, వెతికితే అది రెండు వీధుల అవతల జరిగిందని తేలడం నాకు రెండుసార్లు అనుభవం. ఒకవేళ నిజంగానే ఇక్కడ జరిగి ఉంటే, ఆవిడ కుటుంబం మీ ఊళ్ళోనే ఉండొచ్చు. ఆ పేరు వీడియోల్లోకి ఎక్కనివ్వకండి.

ఇవన్నీ అయ్యాక రాత్రి కూర్చోండి, మూడు రాత్రులు. నలుగురు చాలు, ఒక్కో చోట ఇద్దరేసి. ప్రతి చప్పుడుకీ టైము, దిక్కు, ఆ క్షణంలో రోడ్డు మీద ఏం పోయింది అన్నది అక్కడికక్కడే రాయాలి, ఉదయం గుర్తు తెచ్చుకుని కాదు. మనలో ఎవరు దగ్గినా, కాలు కదిపినా అదీ రాయాలి. పోలీస్ స్టేషన్‌లో ముందే ఒక మాట చెప్పండి, లేకపోతే టార్చీలు చూసి పక్కవాళ్ళు దొంగలనుకుంటారు.

అన్నీ తేలతాయని నేను మాట ఇవ్వను. పదిహేడులో ఒకచోట, కోస్తాలోనే ఒక పాత బియ్యం కొట్టులో, లోపలి గది గడియ తీసిన చప్పుడు మూడు రాత్రులూ దాదాపు ఒకే టైముకి వచ్చింది. రికార్డు అయ్యింది. గడియ మీద కట్టిన దారం తెగలేదు. నాలుగు నెలల తర్వాత మళ్ళీ వెళ్ళి వెతికాను. దొరకలేదు. నా నోట్సులో ‘తెలియలేదు’ అని రాసుకున్నాను. ఈరోజుకీ ఆ మాట మార్చలేదు.

చివరికి మిగిలింది మీ వాచ్‌మన్. ఆయన్ని ఎగతాళి చేయనివ్వకండి. గుండెల మీద బరువు, కదల్లేకపోవడం, గదిలో ఎవరో ఉన్నారనిపించడం నిద్ర పక్షవాతం అనే స్థితికి సరిపోతాయి. కలల నిద్రలో ఒళ్ళు సడలి ఉండగా మెదడు ముందే మేలుకుంటే ఇలా అవుతుంది. రాత్రి డ్యూటీ చేసి నిద్ర చెడినవాళ్ళకి, వెల్లకిలా పడుకునేవాళ్ళకి ఎక్కువ. కానీ మర్నాడంతా తలనొప్పి అని మీరు రాసిన ముక్క దానికి అతకడం లేదు. నన్ను ఆపేసింది ఆ ముక్కే. 1921లో విలియం విల్మర్ అనే అమెరికా కంటి డాక్టరు ఒక కుటుంబం గురించి రాశారు. ఇంట్లో అడుగుల చప్పుళ్ళు, ఆకారాలు, మంచం దగ్గర ఎవరో నిలబడినట్టు, దాంతోపాటు తలనొప్పులు, నీరసం. కారణం, ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ చెడిపోయి దాని నుంచి ఇంట్లోకి వస్తున్న కార్బన్ మోనాక్సైడు అనే విషవాయువు. దానికి రంగు లేదు, వాసన లేదు. మన పాత షాపుల మేడల్లో ఫర్నేసులు ఉండవు గానీ, చోటు లేక మెట్ల కింద డీజిల్ జనరేటర్ పెట్టుకునే అలవాటు ఉంది. అదే మెట్ల గది పొగగొట్టంలా పని చేస్తుందని పైన చెప్పాను.

ఈ రాత్రి నుంచే ఆయన్ని ఆ మేడలో పడుకోనివ్వకండి, బయట షాపు అరుగు మీదికి మార్చండి. రేపు డాక్టరుకి చూపించి, కార్బన్ మోనాక్సైడ్ అనుమానం ఉందని ఆ మాటే చెప్పి, రక్తపరీక్ష అవసరమేమో అడగండి. ఒక కార్బన్ మోనాక్సైడ్ డిటెక్టరు కొని మెట్ల మలుపు దగ్గర తగిలించండి. కరెంటు పోయిన రాత్రులకీ, ఆయనకి ఊపిరాడని రాత్రులకీ పొంతన ఉందేమో అడిగి తేదీలు రాయండి. షాపుల జనరేటర్ ఎక్కడ పెట్టారో మీ ప్రశ్నలో లేదు. మిగతావన్నీ తర్వాత, ముందు అది చూసి ఇక్కడ రాయండి.